కరెంటు పోయినా మన పని పోకూడదు



మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ సారు అడిగారు. ఈ హాస్టల్లో ఆరేళ్ళు ఉండి, ఇక్కడి కంచంలో తిని, ఇక్కడి స్టడీ అవర్‌లో చదివి బయటికి వెళ్ళినవాణ్ణి నేను. అందుచేత కాదనలేకపోయాను. ఏ విషయం రాయాలా అని ఆలోచిస్తే ఒక తమ్ముడు నన్ను అడిగిన ప్రశ్న గుర్తుకు వచ్చింది. దానికి ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసమే ఆ జవాబు.

మీలో కొందరికి తెలుసు, హాస్టలుకు రెండు వీధుల అవతల మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు రాత్రీ పగలూ నడుస్తూ ఉంటుంది. పూర్వ విద్యార్థులం ఆరుగురం తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పదో తరగతి లెక్కలు, సైన్సు ప్రశ్నల నిధి అందులోనే ఉంది. 2022 సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం పదో తరగతి పిల్లలు మా ఇంటికి వచ్చి, తమ నోటు పుస్తకాల్లోంచి ప్రశ్నలు, జవాబులు టైపు చేసేవారు. నవంబరు నాటికి తొమ్మిది వందల ప్రశ్నలు దాటాయి.

నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం, అందరూ పని ముగించే వేళకు కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో వచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి పోయి అరగంటకు వచ్చింది. మా వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయిందట. అందులో ఎవరి తప్పూ లేదు. కాని సర్వరు ఆన్ చేస్తే, ప్రశ్నల నిధి ఉన్న వర్చువల్ మిషన్ ఇక లేవలేదు. నా దగ్గర ఉన్న బ్యాకప్ ఒక్కటే, అదీ రెండు నెలల కిందటిది. అప్పటికి పిల్లలు ఒక్క ప్రశ్న కూడా టైపు చేయలేదు.

"సేవ్ చేశాం కదా అన్నా?" అని అడిగాడు ఒక తమ్ముడు.

చేశారు. ప్రతి ప్రశ్నకూ సేవ్ నొక్కారు. అయినా పోయింది. నోటు పుస్తకాలు ఉన్నాయి కాబట్టి సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు పిల్లలు ఇంటికి వెళ్ళకుండా మా ఇంట్లోనే ఉండి మొత్తం మళ్ళీ టైపు చేశారు. వాళ్ళ పండుగ నా అజాగ్రత్త వల్ల పోయింది. అలాంటిది ఇంకెవరికీ జరగకూడదని ఈ పాఠం రాస్తున్నాను.

సర్వరు, వర్చువల్ మిషన్ అంటే ఏమిటి?

సర్వరు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. అడిగినవారికి అడిగినది అందించే పని మీద ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటరు ఏదైనా సర్వరే.

ఒకే కంప్యూటరును సాఫ్ట్‌వేరు సహాయంతో అనేక కంప్యూటర్లుగా విభజించి వాడుకోవచ్చు. అలా ఏర్పడిన ఒక్కొక్క కంప్యూటరును వర్చువల్ మిషన్ అంటారు. మన హాస్టలు ఒకే భవనం. కాని గదులు వేరు, గదికొక తలుపు, గదికొక లీడరు. ఒక గదిలో అల్లరి జరిగితే పక్క గది పాడుకాదు. వర్చువల్ మిషన్లు అలాంటి గదులు. ఏ గదికి ఎంత మెమరీ, ఎంత డిస్కు ఇవ్వాలో చూసుకునే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అంటారు. అది మన వార్డెన్ సారులాంటిది.

మా సర్వరులో ప్రాక్స్‌మాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. ఇది 2008లో మొదటిసారి విడుదలయింది. డెబియన్ లినక్స్ మీద ఆధారపడి పనిచేస్తుంది. మా దాంట్లో గదులు నాలుగు. ఒకటి ప్రశ్నల నిధి డేటాబేసు. రెండు, పరీక్ష రాసే వెబ్ పేజీలు. మూడు, నోట్సు, పాత ప్రశ్నపత్రాల ఫైళ్ళు. నాలుగు, పిల్లలు అభ్యాసం చేసే విండోస్ మిషన్.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మామూలు కంప్యూటరుకు కరెంటు పోతే ఒక కంప్యూటరు ఆగుతుంది. మన సర్వరుకు కరెంటు పోతే ఒక్క క్షణంలో అయిదు ఆగుతాయి: నాలుగు గదులు, ఒక భవనం.

సేవ్ నొక్కితే ఎక్కడికి వెళుతుంది?

మనం సేవ్ నొక్కగానే అక్షరాలు డిస్కు మీద పడిపోతాయని అనుకుంటాం. నిజానికి మధ్యలో కొన్ని మజిలీలు ఉన్నాయి. డిస్కుతో పోలిస్తే మెమరీ ఎంతో వేగమైనది. అందుకని ఆపరేటింగ్ సిస్టం రాయవలసిన వాటిని ముందు మెమరీలో పోగుచేసి, తీరిక చూసుకుని డిస్కుకు పంపుతుంది. దీన్ని క్యాషే అంటారు. మాస్టారు చెప్పేది ముందు పలక మీద గబగబా రాసుకుని, తర్వాత నోటు పుస్తకంలోకి ఎక్కించడం లాంటిది ఇది. కరెంటు పోవడమంటే పలక మీద తడిగుడ్డ పడడమే.

వర్చువల్ మిషన్‌లో పలకలు ఒకటి కాదు. గది లోపల ఒకటి, హైపర్‌వైజర్ దగ్గర ఒకటి ఉండవచ్చు. డిస్కు లోపల కూడా చిన్న పలక ఉంటుంది.

డేటాబేసులకు ఈ సంగతి తెలుసు. అందుకే ముఖ్యమైనది రాసినప్పుడు "ఇది నిజంగా డిస్కు మీద పడిందా? పడేదాకా నేను కదలను" అని పట్టుబడతాయి. డిస్కు అవునంటేనే పని పూర్తయినట్టు లెక్క. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. వేగంగా ఉంటుందని ఆ వర్చువల్ మిషన్ డిస్కుకు 'రైట్ బ్యాక్, అన్‌సేఫ్' అనే అమరిక పెట్టాను. పేరులోనే సురక్షితం కాదని ఉంది. ఈ అమరికలో డేటాబేసు ఎంత పట్టుబట్టినా, హైపర్‌వైజర్ డిస్కును అడగకుండానే "ఆ, పడింది" అని చెప్పేస్తుంది. కరెంటు ఉన్నంతకాలం ఈ అబద్ధం బయటపడదు. ప్రాక్స్‌మాక్స్ మొదట తానే ఇచ్చే అమరికకు 'నో క్యాషే' అని పేరు. అది డేటాబేసు అడిగినప్పుడు నిజంగా డిస్కును అడుగుతుంది. తెలియకుండా దాన్ని మార్చకూడదు.

ఈ రోజుల్లో ఫైల్ సిస్టంలు జర్నల్ అనే చిట్టా రాసుకుంటాయి. ఏం చేయబోతున్నామో ముందు చిట్టాలో రాసి, తర్వాత చేస్తాయి. మధ్యలో కరెంటు పోతే చిట్టా చూసుకుని సర్దుకుంటాయి. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 ఇలాంటిదే. కాని అది ముఖ్యంగా ఫైల్ సిస్టం నిర్మాణాన్ని కాపాడుతుంది. మనం ఇంకా పలక మీదే ఉంచిన అక్షరాలను అది తిరిగి తేలేదు.

కరెంటు పోవడంలో రకాలు

శత్రువును తెలుసుకుంటేనే రక్షణ. కరెంటు మూడు రకాలుగా పోతుంది.

మొదటిది రెప్పపాటు. లైటు ఒక్కసారి మిణుక్కుమని వస్తుంది. ఫ్యాను ఆగదు, కంప్యూటరు మాత్రం ఆగిపోతుంది. రెండవది పావుగంట నుంచి కొన్ని గంటలు. ఫ్యూజు పోవడం, లైన్‌మన్ పని కోసం లైన్ క్లియర్ తీసుకోవడం ఇందులోకి వస్తాయి. మూడవది రోజుల తరబడి పోవడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు స్తంభాలు, తీగలు నేలకూలి నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది.

కరెంటు ఉండి కూడా పాడుచేసేవి మరి రెండు ఉన్నాయి: లో వోల్టేజి, పిడుగు. మన ఇళ్ళకు 230 వోల్టులు రావాలి. అది బాగా తగ్గినా, ఒక్కసారిగా పెరిగినా ప్రమాదమే.

రెప్పపాటుకు ఒక పరికరం చాలు. గంటలకు ఒక పద్ధతి కావాలి. రోజులకు, పిడుగుకు బ్యాకప్ తప్ప మందు లేదు. ఈ తేడా తెలియకపోతే డబ్బు ఖర్చయి కూడా రక్షణ దొరకదు.

ఇన్వర్టరా? యూపీఎస్సా?

"మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా" అని చాలామంది అంటారు. ఇన్వర్టరు ఫ్యాన్లకు, లైట్లకు పెట్టుకున్నది. కరెంటు పోయిన తర్వాత బ్యాటరీ మీదికి మారడానికి అది కొంత సమయం తీసుకుంటుంది. ఫ్యానుకు ఆ సమయం తెలియదు. కంప్యూటరుకు తెలుస్తుంది.

కంప్యూటరు లోపలి పవర్ సప్లయి తనలో నిలవ ఉన్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకురాగలగాలని దాని ప్రమాణాలు చెబుతాయి. అంటే సెకనులో అరవయ్యో వంతు. బరువు తక్కువగా ఉంటే మరికొంత ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ లోపల కరెంటు అందాలి. సాధారణ యూపీఎస్ 10 మిల్లీసెకన్ల లోపే మారుతుంది. ఆన్‌లైన్ రకం యూపీఎస్‌లో మారే సమయమే ఉండదు, కాని ధర ఎక్కువ. మనలాంటివారికి లైన్ ఇంటరాక్టివ్ రకం సరిపోతుంది. అది చిన్న చిన్న వోల్టేజి హెచ్చుతగ్గులను బ్యాటరీ వాడకుండానే సరిచేస్తుంది.

కొన్ని ఇన్వర్టర్లకు వెనకవైపు యూపీఎస్ మోడ్ అనే స్విచ్చి ఉంటుంది. అది వేస్తే త్వరగా మారుతుంది. ఇన్వర్టరు వెనక చిన్న యూపీఎస్ పెట్టుకునే పద్ధతి కూడా మంచిదే. అయితే ఆ ఇన్వర్టరు సైన్ వేవ్ రకం అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ కరెంటును చాలా యూపీఎస్‌లు కరెంటుగా ఒప్పుకోవు. ఇన్వర్టరు నడుస్తున్నా తమ బ్యాటరీనే ఖర్చు పెట్టుకుంటాయి.

ఎంతసేపు వస్తుంది? లెక్క చేద్దాం

యూపీఎస్ డబ్బా మీద 600 వీఏ అని పెద్దగా రాసి ఉంటుంది. పక్కన చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉండవచ్చు. మనం చూడవలసింది ఆ చిన్న అక్షరాలనే. మన బరువు అంతకన్నా బాగా తక్కువ ఉండాలి.

ఇలాంటి చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది.

12 × 7 = 84 వాట్ అవర్లు.

మా సర్వరు, రౌటరు కలిపి ప్లగ్గుకు పెట్టే వాట్ మీటరుతో కొలిస్తే 60 వాట్లు వచ్చింది. 84ను 60తో భాగిస్తే 1.4 గంటలు, అంటే 84 నిమిషాలు. బాగానే ఉందనిపిస్తుంది. కాని ఈ లెక్క తప్పు. ఎందుకంటే:

ఒకటి, ఆ 7 ఆంపియర్ అవర్లు అనేది 20 గంటలపాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. గబగబా లాగితే బ్యాటరీ అంత ఇవ్వదు. రెండు, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చడంలో కొంత వేడిగా పోతుంది. ఈ రెండూ తీసేస్తే కొత్త బ్యాటరీకి సగం సమయం, అంటే సుమారు 40 నిమిషాలు లెక్క వేసుకోవాలి. మూడు, బ్యాటరీ ముసలిదవుతుంది. ఈ సీల్డ్ లెడ్ ఆసిడ్ బ్యాటరీలను 25 డిగ్రీల వేడిని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. ఆపైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క. మన పల్నాడు ఎండల సంగతి చెప్పనక్కరలేదు. రెంటచింతల మన పక్కనే ఉంది.

కాబట్టి మా ప్రణాళికలో 15 నిమిషాలే ఉన్నాయని అనుకున్నాం. లెక్కలో మిగిలింది లాభం. లెక్కలో తగ్గితే ప్రశ్నల నిధి మళ్ళీ పోతుంది.

ఆ 15 నిమిషాలు దేనికి?

ఈ పాఠంలో అసలు సంగతి ఇదే. యూపీఎస్ ఉన్నది సర్వరును నడిపించడానికి కాదు. సర్వరును పద్ధతిగా ఆపడానికి సమయం ఇవ్వడానికి. ఎవరూ చూడకపోతే పదహారో నిమిషంలో బ్యాటరీ అయిపోతుంది, మళ్ళీ అదే తడిగుడ్డ. యూపీఎస్ కొని ఊరుకున్నవాడు ప్రమాదాన్ని పావుగంట వాయిదా వేశాడు, అంతే.

సెలవులకు హాస్టలు మూసేటప్పుడు ఏం జరుగుతుంది? ముందు పిల్లలు ట్రంకు పెట్టెలు సర్దుకుంటారు. తర్వాత గదులకు తాళాలు. తర్వాత వంటగది మూస్తారు. చివరికి వాచ్‌మన్ గేటు వేస్తాడు. పిల్లలు లోపల ఉండగా గేటు వేసి వెళ్ళిపోతే ఏమవుతుంది? సర్వరును ఆపడం కూడా అంతే. ముందు గదులు, తర్వాత భవనం.

గదుల్లోనూ ఒక క్రమం ఉంది. పరీక్ష పేజీలు డేటాబేసు మీద ఆధారపడి ఉన్నాయి. కాబట్టి ఆపేటప్పుడు ముందు పేజీలు, తర్వాత డేటాబేసు. ప్రారంభించేటప్పుడు ముందు డేటాబేసు, తర్వాత పేజీలు. ప్రాక్స్‌మాక్స్‌లో ఒక్కొక్క మిషన్‌కు ప్రారంభ క్రమసంఖ్య ఇవ్వవచ్చు. ఆపేటప్పుడు అది తనంతట తాను వెనక నుంచి ముందుకు వస్తుంది. గది లోపల 'గెస్ట్ ఏజెంట్' అనే చిన్న ప్రోగ్రాం పెట్టుకుంటే, ఆపమన్న కబురు లోపలివారికి సరిగా అందుతుంది.

ఇక్కడ మరో లెక్క ఉంది. ఒక మిషన్ ఆగకపోతే ప్రాక్స్‌మాక్స్ మామూలుగా 180 సెకన్లు ఎదురుచూసి, తర్వాత బలవంతంగా ఆపుతుంది. నాలుగు మిషన్లకు వేర్వేరు క్రమసంఖ్యలు ఇస్తే, నాలుగూ మొండికేసినప్పుడు 4 × 3 = 12 నిమిషాలు. కరెంటు వస్తుందేమోనని మనం ముందే 5 నిమిషాలు చూస్తే 17. మన దగ్గర ఉన్నవి 15! అందుకని గడువులు తగ్గించాం. లినక్స్ మిషన్లు మూడింటికి 60 సెకన్ల చొప్పున, విండోస్‌కు 120. అంతా 5 నిమిషాలు. భవనం ఆగడానికి ఒక నిమిషం. ముందు చూసిన 5 నిమిషాలతో కలిపి 11. పదిహేనులో సరిపోయింది, నాలుగు మిగిలాయి. విండోస్ ఒక్కొక్కసారి ఆగేముందు అప్‌డేట్లు మొదలుపెడుతుంది. అందుకే దానికి ఎక్కువ ఇచ్చాం.

యూపీఎస్ చెప్పాలి, సర్వరు వినాలి

కరెంటు పోయినప్పుడు మనం బడిలో ఉండవచ్చు, నిద్రలో ఉండవచ్చు. కాబట్టి ఇదంతా తనంతట తాను జరగాలి. దానికి యూపీఎస్‌కు యూఎస్‌బీ కేబులు పెట్టే చోటు ఉండాలి. బాగా చౌకగా వచ్చే కొన్ని రకాలకు అది ఉండదు. కొనేముందు వెనక్కి తిప్పి చూసుకోవాలి.

ఆ కేబులును సర్వరుకు కలిపి, 'నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేరును భవనంలో, అంటే హైపర్‌వైజర్‌లో పెట్టాలి. దీన్ని పొట్టిగా నట్ అంటారు. కరెంటు ఉందా, బ్యాటరీ మీద నడుస్తోందా, బ్యాటరీ ఎంత ఉంది అని అది యూపీఎస్‌ను అడుగుతూ ఉంటుంది. బ్యాటరీ అడుగంటిందని యూపీఎస్ చెబితే సర్వరును ఆపుతుంది. దానితోపాటు, బ్యాటరీ మీదికి వెళ్ళి 5 నిమిషాలయితే ఆపేయమని కూడా చెప్పుకోవచ్చు. రెండూ పెట్టుకోవాలి. ఏది ముందు జరిగితే అది. ముసలి బ్యాటరీ "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అంటూనే ఒక్కసారిగా పడిపోతుంది. దాని మాటనే నమ్ముకోకూడదు.

కేబులు లేని యూపీఎస్ ఉన్నవారు నిరాశపడనక్కరలేదు. ఒక పాత రౌటరును యూపీఎస్‌కు కాకుండా నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టండి. ప్రతి నిమిషం దాన్ని పలకరించే చిన్న ప్రోగ్రాం సర్వరులో రాయండి. కరెంటు పోతే ఆ రౌటరు జవాబివ్వదు. వరుసగా 5 సార్లు జవాబు రాకపోతే సర్వరును పద్ధతిగా ఆపేయాలి. పాత ఫోను దీనికి పనికిరాదు, దానిలో సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి. ఇన్వర్టరు లైనులో ఉన్న ప్లగ్గు కూడా పనికిరాదు. ఊడ్చేటప్పుడు ఎవరైనా ప్లగ్గు తీసేస్తే సర్వరు ఆగిపోకుండా, రెండు చోట్ల రెండు పరికరాలు పెట్టి, రెండూ పలకనప్పుడే ఆపమనడం మంచిది.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు

మా సర్వరును అసలు దెబ్బతీసింది కరెంటు పోవడం కన్నా వచ్చి వచ్చి పోవడం. లేస్తూ లేస్తూ ఉండగా మళ్ళీ పడింది.

కంప్యూటరు బయోస్‌లో కరెంటు వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే అమరిక ఉంటుంది. మళ్ళీ ఆన్ కావాలి, ఆఫ్‌లోనే ఉండాలి, పోయేముందు ఎలా ఉందో అలా ఉండాలి అని మూడు రకాలు. మూడోది పెడితే, మనం పద్ధతిగా ఆపిన సర్వరు కరెంటు వచ్చినా లేవదు, పోయేముందు అది ఆఫ్‌లోనే ఉంది కాబట్టి. మనకు మొదటిది కావాలి.

మరొక చిక్కు. సర్వరు ఆగిన తర్వాత, యూపీఎస్ బ్యాటరీ అయిపోకముందే కరెంటు వచ్చిందనుకోండి. సర్వరు దృష్టిలో కరెంటు పోనే లేదు. కాబట్టి లేవదు. అందుకని సర్వరు ఆగిన తర్వాత యూపీఎస్ కూడా ఒకసారి తన సరఫరా నిలిపివేసి, కరెంటు ఉంటే మళ్ళీ ఇవ్వాలి. కేబులు ఉన్న చాలా యూపీఎస్‌లతో నట్ ఈ పని చేయించగలదు. పాత రౌటరు పద్ధతిలో ఈ సదుపాయం లేదు, మనమే వెళ్ళి బటన్ నొక్కాలి. కొన్ని యూపీఎస్‌లలో బ్యాటరీ కొంత నిండేదాకా సరఫరా ఇవ్వకుండా ఆపే వీలు కూడా ఉంటుంది. ఉంటే తప్పక వాడండి.

బ్యాకప్ లేని రక్షణ రక్షణ కాదు

పిడుగు పడితే యూపీఎస్ కూడా కాలిపోవచ్చు. డిస్కు తనంతట తాను చెడిపోవచ్చు. కాబట్టి మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట అన్నది మంచి నియమం. ఒకే కంప్యూటరులో రెండు డిస్కుల మీద ఒకేసారి రాయడాన్ని బ్యాకప్ అనుకోకూడదు. ఒక డిస్కు మీద తప్పు రాస్తే రెండోదాని మీద కూడా అదే తప్పు పడుతుంది.

ఆ రోజు మనల్ని కాపాడింది ఏమిటో చూడండి. పిల్లల ట్రంకు పెట్టెల్లోని నోటు పుస్తకాలు! వేరే పరికరం, వేరే చోటు. నేను కంప్యూటరు చదివి కూడా చేయని పనిని తెలియకుండానే వాళ్ళు చేశారు.

ఇప్పుడు ప్రతి రాత్రి ప్రశ్నల నిధి ప్రతి ఒకటి వేరే డిస్కుకు వెళుతుంది. ప్రతి ఆదివారం మరొకటి బయటి హార్డ్ డిస్కులోకి తీసి, ఆ డిస్కును హాస్టల్ ఆఫీసు బీరువాలో ఉంచుతున్నాం. నెలకొకసారి ఆ ప్రతిని నిజంగా తెరిచి, ప్రశ్నలు కనిపిస్తున్నాయో లేదో చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు.

గుర్తుంచుకోవలసినవి

1. యూపీఎస్ మీద వాట్లు చూడాలి, వీఏ మాత్రమే కాదు. యూఎస్‌బీ కేబులు పెట్టే చోటు ఉన్నది కొనాలి.
2. రౌటరును, నెట్‌వర్క్ స్విచ్చిని కూడా యూపీఎస్‌కే కలపాలి. లేజర్ ప్రింటరును కలపకూడదు. అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.
3. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. మనమే విప్పకూడదు. యూపీఎస్ డబ్బాను కూడా తెరవకూడదు.
4. ఉరుములు, మెరుపులు మొదలైతే సర్వరును ఆపి, ప్లగ్గు తీసేయడమే ఉత్తమం. బయటి నుంచి వచ్చే రాగి తీగల కనెక్షన్ ఉంటే అదీ తీయాలి.
5. వర్చువల్ మిషన్లకు క్రమసంఖ్య, గడువు పెట్టి, మొత్తం నిమిషాలు కాగితం మీద కూడి చూడాలి.
6. బ్యాటరీ పెట్టిన తేదీ దాని మీదే రాసి అంటించాలి. పాత బ్యాటరీలో సీసం, ఆసిడ్ ఉంటాయి. చెత్తలో పడేయకుండా కొట్టువారికి తిరిగి ఇవ్వాలి.
7. మూడు నెలలకొకసారి పరీక్ష చేయాలి. బ్యాకప్ తీసుకున్న తర్వాత, యూపీఎస్‌కు కరెంటు ఇచ్చే గోడ స్విచ్చి ఆపి, వాచీ పట్టుకుని కూర్చోవాలి.

ఈ ఏడో దాన్ని చేయడానికి మొదట నాకు భయం వేసింది. చేతులారా కరెంటు తీయడమా అనిపించింది. కాని మనం సిద్ధంగా ఉన్న రోజున తీయకపోతే, సిద్ధంగా లేని రోజున అదే పోతుంది. మొదటి పరీక్షలో విండోస్ మిషన్ ఆగలేదు, దానిలో గెస్ట్ ఏజెంట్ పెట్టడం మరచిపోయాను. రెండో పరీక్షలో అన్నీ ఆగాయి కాని తిరిగి లేవలేదు, బయోస్ అమరిక మార్చలేదు. మూడోసారికి అన్నీ కుదిరాయి. ఆ రెండు తప్పులూ పరీక్షలో దొరికాయి కాబట్టి ఎవరి పండుగా పోలేదు.

2024 మే నెలలో ఒక రాత్రి గాలివానకు రెండు గంటలపాటు కరెంటు లేదు. నేను ఊళ్ళో లేను. పొద్దున వచ్చి చిట్టా చూశాను. అయిదో నిమిషంలో పేజీలు ఆగాయి, తర్వాత డేటాబేసు, చివరికి భవనం. కరెంటు వచ్చాక అదే వరుసలో వెనక్కి లేచాయి. ప్రశ్నల నిధిలో ఒక్క అక్షరం పోలేదు. నన్ను ప్రశ్న అడిగిన తమ్ముడు ఇప్పుడు హాస్టల్లో లేడు, ఆ తర్వాత పాలిటెక్నిక్‌లో చేరాడు. ఫోను చేసి చెబితే, "ఇప్పుడు సేవ్ అయినట్టే కదా అన్నా" అన్నాడు.

తమ్ముళ్ళూ, మనం ఎవరం ఉన్నవాళ్ళ ఇళ్ళ నుంచి రాలేదు. మన దగ్గర ఉన్న ఆస్తి మనం చేసిన పనే. రాత్రిళ్ళు కూర్చుని చదివి, రాసి కూడబెట్టినదాన్ని ఒక ఫ్యూజు పోయినందుకు పోగొట్టుకోకూడదు. మా ఇంటి తలుపు ఆదివారాలు తీసే ఉంటుంది. వచ్చి చూడండి, నేర్చుకోండి, తర్వాతి పరీక్షకు గోడ స్విచ్చి మీరే ఆపండి.

శుభాకాంక్షలతో,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థి